నాజిబ్రోలా ఉప్పు

గ్రాము నూనెలో తొమ్మిది కేలరీలు.
గ్రాము అటుకుల్లో నాలుగు కూడా నిండవు.
ఈ లెక్కను పన్నెండు రోజులుగా
వీపు మీద మోస్తున్నాను.

టోర్‌స్టెన్ సంచి నా దాంట్లో సగం.
వాడి దగ్గర ఒక సీసా ఆలివ్ నూనె, కాసిని బాదం పప్పులు.
పొద్దున్నే రెండు గుక్కలు తాగి మూతి తుడుచుకుని
మేకలా ఎక్కేస్తాడు.
నా దగ్గర అటుకులు, బార్లీ,
ఉడికించి ఎండబెట్టిన మైసూరుపప్పు,
పొడి కొట్టిన బంగాళదుంప.
నీళ్లు తగిలితే ఉబ్బాలి ఇవన్నీ,
సంచిలోనే ఉబ్బిపోయాయేమో అనిపిస్తుంది
ఎక్కుడు మొదలయ్యేసరికి.

కొవ్వు వీపుకి తేలిక.
గుండెకి కాదంది డాక్టరు,
తెర మీద, పూడిక తియ్యని కాలవలాంటి గీతను
పెన్నుతో తడుతూ.
పాలూ వెన్నా మాంసమూ నా అంతట నేను మానేసినవి.
నూనె ఆవిడ మాన్పించింది.
రెండు నియమాలూ ఒకే గిన్నెలో కాపురం పెట్టాక
అందులో చూడ్డానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

కనుమ దిగేసరికి
మోకాళ్లు నా మాట వినడం మానేశాయి.
కింద స్వానేతి ఊరు. ఇంటికొక రాతి బురుజు.
ఏ కాలపు పగలకో కట్టుకున్నారు,
ఇప్పుడు వాటి నీడలో గడ్డి ఆరబెట్టుకుంటున్నారు.

నాజిబ్రోలా ఇంట్లో పడక.
బల్ల మీద జున్నుతో సాగే దుంపల ముద్ద,
మాంసం కూరిన రొట్టె, పైన వెన్న మెరుపు,
వంకాయల్లో అక్రోటు ముద్ద.
టోర్‌స్టెన్ తల ఎత్తలేదు.
నేను పెరట్లో స్టవ్ వెలిగించుకున్నాను, దొంగలాగా.

ఆవిడ టార్చి పట్టుకుని వచ్చింది.
నా గిన్నెలోకి వెలుతురు వేసింది.
బార్లీ. పప్పు. నీళ్లు.
"మర్ఖ్వా?" అంది.
ఉపవాస దీక్షా అని, మనవడు ముర్జా తర్జుమా చేశాడు.
ఏడాదిలో సగం రోజులు వాళ్లకీ ఉన్నాయట,
మాంసం, పాలు, గుడ్డు ముట్టని రోజులు.
ఎక్కడికి వెళ్లినా పావుగంట వివరించాల్సిన నా తిండికి
ఈ కొండల్లో ముందే పేరుంది.

ఔనన్నాను.
ఆకలి మీద అబద్ధం నమలక్కర్లేదు, దిగిపోతుంది.

"ఎవరి కోసం?"

ఆ ప్రశ్న నేను లెక్కలో వేసుకోలేదు.
నా కోసమే అనే మాట
ఆసుపత్రిలో సరిపోయింది.
గోడ మీద ఆవిడ మొగుడి ఫొటో, దాని ముందు
ఎవరూ తాగని గ్లాసు ఉన్న ఆ ఇంటి వాకిట్లో
అది నోట్లోంచి రాలేదు.
"మా అన్న" అన్నాను.
యాభై ఒకటో ఏట, రైలు ప్లాట్‌ఫాం మీద,
చేతిలో టీ ఇంకా వేడిగానే ఉండగా.
అబద్ధమనుకుని మొదలెట్టిన మాట
సగంలో నిజమైపోయింది.
నోరు మూసుకుని గిన్నె కలిపాను.

ఆవిడ ఓదార్చలేదు.
నిప్పులు తోసి నాలుగు దుంపలు బూడిదలో పాతింది.
రోలు తెచ్చి వెల్లుల్లి, ఎండుమిరప,
బంతి రేకులు, ఏదో కొండ జీలకర్ర,
నీలిపువ్వు మెంతి, రాళ్లుప్పు వేసి నూరింది.
మెంతే, కానీ మన మెంతి కాదు,
చేదు మరిచిపోయి ఎండుగడ్డి వాసన పట్టిన
దూరపు చుట్టం.
చుక్క నూనె లేదని
రెండు అరచేతులూ టార్చి వెలుతుర్లో చూపించింది.

తొక్కతో తిన్నాను. బూడిదతో తిన్నాను.
కళ్లలో నీళ్లు. మిరప వల్లే.
టోర్‌స్టెన్ జిడ్డు మూతితో బయటికొచ్చి
చాలాసేపు నిలబడి,
"ఒకటి ఇస్తావా" అన్నాడు.
ఇవ్వలేదు. తర్వాత సగం ఇచ్చాను.

మిగిలిన ఉప్పు పొట్లం కట్టిచ్చింది.
మర్నాడు పై కనుమలో, మంచు పక్కన విప్పితే
అది ముర్జా లెక్కల పుస్తకంలో కాగితం:
తొమ్మిది నాలుగులు ముప్ఫై నాలుగు.
ఎర్రసిరాతో కొట్టేసి ఉంది.
చిటికెడు నాలిక మీద వేసుకుని
మళ్లీ జాగ్రత్తగా మడిచాను.

సంచి బరువు తగ్గలేదు.
టోర్‌స్టెన్ అప్పుడే రెండు మలుపుల అవతల చుక్కంత ఉన్నాడు.
ఊరి కుక్క ఒకటి మాత్రం ఇంకా వెనకే వస్తోంది,
నాతోనో,
వెల్లుల్లి వాసనతోనో.